ఎర్రబండ లైను చింత విభాగం

మా ఊళ్లో లోకల్ రైలు ఎందుకింత ఆలస్యంగా వస్తుందని ఎవరైనా అడిగితే నాకు వాడి మీద జాలి కలుగుతుంది. ఊరికి కొత్త, పాపం. ఎర్రబండ నుంచి పాతగంజ్ దాకా పోయే ఈ లైను పుట్టడమే ఆలస్యంగా పుట్టింది. నవాబుగారి గుర్రాలకు ఉలవలు చేరవేయడానికి వేసిన పట్టాలివి. పట్టాలు పూర్తయ్యేసరికి నవాబుగారు గుర్రాలన్నీ అమ్మేసి మోటారు కార్లు కొనుక్కున్నారు. గుర్రాల దొడ్డి అనే స్టేషను మాత్రం మిగిలింది. ఉలవల బస్తాలు దింపడానికి కట్టిన అరుగు మీదే ఈరోజుకీ మేం రైలు కోసం నిలబడతాం.

ఆ తర్వాత బట్టల మిల్లు వచ్చింది. లైనుకు అదే మంచికాలం. కార్మికులంతా రైల్లోనే రావాలి కనుక మిల్లు మేనేజరు డాబా మీద ఒక మనిషిని కాపలా పెట్టి, ఇంజను పొగ కనిపించాకే సైరను ఊదించేవాడు. రైలు ఎంత ఆలస్యమైతే సైరనూ అంతే ఆలస్యం. ఆ సైరను విని ఊరంతా గడియారాలు సరిచేసుకునేది. అందువల్ల ఆ రోజుల్లో మా లైను మీద ఒక్క రైలు కూడా ఆలస్యమైనట్టు ఎవరూ చెప్పరు. మిల్లు మూతపడ్డాకే మా జబ్బు బయటపడింది.

అయినా సర్దుకున్నాం. మా లైను మీద ఎవరూ తమ రైలెక్కరు, ముందు రైలెక్కుతారు. ఏడింటికి పోవలసినవాడు ఆరింటి బండి కోసం టికెట్ తీసుకుంటే అది చక్కగా ఏడింటికి వస్తుంది. ఆడవాళ్ల పెట్టెలో గోంగూర కట్టలు, చిక్కుడుకాయలు ఒళ్లో పోసుకుని కూర్చుంటారు. దిగేటప్పుడు ఎన్ని కట్టలు వలవకుండా మిగిలాయో చూస్తే ఆరోజు బండి ఎంత ఆలస్యమో తెలిసిపోతుంది. ఏమీ మిగలకపోతే బాగా ఆలస్యమైనట్టు.

నేను పాతగంజ్‌లో ఒక కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. లైను మేనేజరు ఉపేంద్రనాథ్ గారి కళ్లజోడు మా దుకాణానిదే. ఒకరోజు ఫ్రేము బిగించుకుంటూ ఆయన, "మీలాంటి విజ్ఞులు మా ప్రయాణికుల సలహా సంఘంలో ఉండాలండీ" అన్నారు. అలా సభ్యుణ్ణయ్యాను. సంఘం సమావేశాల్లో నెయ్యిలో వేయించిన జీడిపప్పు పెడతారు. కాబట్టి నేను ఇప్పుడు చెప్పబోయేదంతా దగ్గరుండి చూసిందే, ఎవరో చెప్పగా విన్నది కాదు.

మా స్టేషన్లో మైకు ఉంది. బండి ఆలస్యమైనప్పుడల్లా ఒక ఆడగొంతు, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటుంది. పొద్దున్నే కాకి అరిస్తే ఎంత పట్టించుకుంటామో దాన్నీ అంతే పట్టించుకునేవాళ్లం. అలా ఎన్నేళ్లయినా గడిచిపోయేదే. కాని ఆ ఏడు తారకేశ్వర్ అని కొత్త ఆడిటరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎవరిచ్చినా టీ కూడా తాగని మనిషి. అలాంటివాళ్లతో ఏ ఆఫీసుకైనా ప్రమాదమే.

ఆయన ఒకరోజంతా మా ప్లాట్‌ఫారం మీద కూర్చుని మైకు విన్నాడు. మర్నాడు అభ్యంతరం పంపాడు. ఉపేంద్రనాథ్ గారు దాన్ని సంఘం ముందు స్వయంగా చదివారు.

"తాము చింతించుచున్నట్లు లైను యాజమాన్యము దినమునకు అనేక పర్యాయములు ప్రకటించుచున్నది. చింతించుచున్న వారెవరు? ఎచట చింతించుచున్నారు? విచారించగా, అట్టి ఉద్యోగి ఎవరును లేనట్లు తేలినది. చింతించకయే చింతించుచున్నామనుట ప్రజలకు అసత్యము చెప్పుట యగును."

గదిలో ఎవరూ జీడిపప్పు ముట్టలేదు. నేను కూడా చేతిలో ఉన్నవి మాత్రం తిని ఊరుకున్నాను.

ఉపేంద్రనాథ్ గారు గొంతు సవరించుకున్నారు. "విషయం తీవ్రమైనది. రైలు ఆలస్యం కావడమన్నది సాంకేతికాంశం. దానికి మనం బాధ్యులం కాము. చింతించకపోవడమన్నది నైతికాంశం. ఇన్నేళ్లుగా ఈ సంస్థ ప్రజలకు బకాయిపడిన చింత ఎంతో ఊహించండి. సభ్యులు నిర్భయంగా సూచనలు చేయవచ్చు."

మైకులో ఆ మాట తీసేద్దామన్నారొకరు. ప్రజల మనోభావాలు దెబ్బతింటాయని ఉపేంద్రనాథ్ గారు ఒప్పుకోలేదు. మూలన కూర్చున్న ఒక కుర్ర ఇంజనీరు లేచి, "సార్, రైలు టైముకు నడిపితే అసలా మాట చెప్పక్కర్లేదు కదా" అన్నాడు. అందరం అతని వైపు తిరిగి చూశాం. అతను కూర్చున్నాడు.

"ఆచరణీయమైన సూచనలు కావాలి" అన్నారు ఉపేంద్రనాథ్ గారు.

ఇక మిగిలింది ఒకటే దారి. చింతిస్తున్నామని చెబుతున్నాం కనుక నిజంగానే చింతించాలి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఆ పనికి చింత విభాగం ఏర్పాటైంది. సరుకుల గిడ్డంగి అధికారి కోదండపాణి గారు ముఖ్య చింతాధికారి అయ్యారు. ఊళ్లోకి సరుకు రైళ్లు రావడం ఆగిపోయినప్పటి నుంచి ఆయనకు పని లేదు. భారీ మనిషి, మీసం మీద ఎప్పుడూ చెయ్యి ఉండేది. అంత దర్జా గల మనిషి మన కోసం చింతిస్తే ఆ గౌరవమే వేరు అనుకున్నాం.

నిబంధనలు కోదండపాణి గారే రాశారు. పావుగంట లోపు ఆలస్యానికి లఘు చింత, అంటే తల కొంచెం వంచితే చాలు. అరగంట దాకా మధ్యమ చింత, దానికి చేతులు కట్టుకోవాలి. ఆపైన ప్రగాఢ చింత, దానికి కుడిచెయ్యి గుండె మీద పెట్టుకోవాలి. ఆలస్యం పెరిగేకొద్దీ చింతించే అధికారి హోదా కూడా పెరగాలి. గంట దాటితే గెజిటెడ్ అధికారికి తక్కువైనవాడు చింతించడానికి వీల్లేదు. రెండు గంటలు దాటితే లైను మేనేజరే కదలి రావాలి.

తారకేశ్వర్ అన్నీ చదివి ఒక్క నిబంధన చేర్పించాడు. "చింతిస్తున్నాము అని మైకు వర్తమానంలో చెబుతోంది. కాబట్టి అసౌకర్యమూ చింతా రెండూ కలిసే జరగాలి. తగిన హోదా గల అధికారి చింతించకుండా ఈ లైను ఎవరికి ఏ అసౌకర్యం కలిగించినా అది చెల్లదు."

"మంచి మాట" అని ఉపేంద్రనాథ్ గారు సంతకం పెట్టేశారు. ఆయన ప్రతి కాగితం మీదా అలాగే, మా దుకాణం కళ్లజోడు నుదుటి మీదికి తోసి మరీ సంతకం పెడతారు.

కొత్త చింతాధికారులకు శిక్షణ ఇవ్వడానికి నాటకాలాడే ఒక పెద్దాయన్ని పిలిపించారు. ఒకప్పుడు ఆయన రంగస్థలం మీద ఏడిస్తే పక్క వీధి వరకు వినపడేదట. వారం రోజులు ప్రయత్నించి, "అయ్యా, ఉద్యోగంలో ఇన్నేళ్లు ఎవరి కష్టానికీ కరగకుండా నెగ్గుకొచ్చినవాళ్లు వీళ్లు. తల వంచడం వరకు నేర్పగలిగాను. లోపలిది నా వల్ల కాలేదు" అని చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడ ఆండాళు గురించి చెప్పాలి. మా గుర్రాల దొడ్డిలోనే రైలెక్కే మనిషి. ఊరవతల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పసిపిల్లల వార్డు ఆయా. నన్ను కండ్లద్దాల సారూ అని పిలుస్తుంది. నలభై దాటినా నడకలో పరుగు తగ్గని మనిషి. ఆ ఆసుపత్రిలో హాజరుకు వేలిముద్రల మిషను పెట్టారు. టైముకు వేలు పెడితే పచ్చ దీపం, ఏమాత్రం ఆలస్యమైనా ఎర్ర దీపం. మిల్లు మేనేజరులాగా రైలు కోసం ఆగే గుణం దానికి లేదు.

"ఈ నెలల ఒక్క ఎర్రది పడకుంటే పర్మనెంట్ చేస్తమన్నరు సారూ" అంది ఒకరోజు, చిక్కుడుకాయల సంచి చంకలో పెట్టుకుని. "పదేండ్ల సంది టెంపరరీనే. పర్మనెంటయితే ఇఎస్ఐ కార్డొస్తది. మా ఆయన మోకాలు సూపిస్త. మెట్లు దిగనీకె గోడ పట్టుకుంటున్నడు."

"ముందు బండెక్కుతున్నావు కదా, భయం లేదులే" అన్నాను. చింత విభాగం మర్నాటి నుంచే పని మొదలుపెడుతోందన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

మర్నాడు ప్లాట్‌ఫారం మీద షామియానా వేశారు. బల్లలు వేశారు. బల్ల వెనక చింతాధికారులు, బల్ల ముందు మేం, వరసలో. మైకు పలకగానే ఒక్కొక్కరినీ పిలిచి పేరు, ఎక్కడికి పోవాలో అడిగి, తల వంచి చింతిస్తారు. చింత అందుకున్నట్టు మన మణికట్టు మీద ముద్ర వేస్తారు. ముద్ర లేనిదే రైలెక్కనివ్వరు. చింత అందుకోకుండా ప్రయాణించడం టికెట్ లేకుండా ప్రయాణించడంతో సమానమని బోర్డు కట్టారు.

బండి వచ్చింది. కాని వరస సగం కూడా కదలలేదు. ప్రజలకు చింత అందకుండా బండి కదలడం చట్టవిరుద్ధం కనుక బండి ఆగింది. ఆగేసరికి ఆలస్యం పావుగంట దాటింది. దాటగానే అంతవరకు చింతించిన లఘు చింతలన్నీ చెల్లకుండా పోయాయి. కోదండపాణి గారు కుర్చీలోంచి లేచి, "ముద్రలు పడినవారంతా దయచేసి మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇప్పుడు మీకు మధ్యమ చింత రావలసి ఉంది. మీ హక్కును వదులుకోకండి" అని ప్రకటించారు. మధ్యమ చింత సగంలో ఉండగా అరగంట దాటింది. అది ప్రగాఢంలో పడింది. గంట దాటాక గెజిటెడ్ అధికారి కోసం కారు పంపారు.

రెండు గంటలు కావడానికి ఇంకాస్త వ్యవధి ఉందనగా ఉపేంద్రనాథ్ గారికి కబురందింది. అంత పొద్దున తాను వచ్చి ఇంతమందికి చింతించలేరు కనుక, వెంటనే బండి వదిలేయమన్నారు. అలా కదిలాం. ఆడవాళ్ల పెట్టెలో వలవడానికి ఏమీ మిగలక, పాతగంజ్ కూరగాయల మార్కెట్‌కి బుట్టలెత్తుకుపోతున్న ఒకామె బీరకాయలు కూడా చెక్కు తీసి పెట్టారట.

ఆండాళు ఆరోజు వరసలో నిలబడలేదు. షామియానా చూడగానే గేటు బయటికి పరుగెత్తి, ఎవరిదో పాలబండి పట్టుకుని పోయింది. మర్నాటి నుంచి తెల్లవారకముందే వచ్చి అందరికన్నా ముందు నిలబడేది. ముద్ర వేయించుకునేది. ఆలస్యం పెరిగితే మళ్లీ వేయించుకునేది. మణికట్టు నుంచి మోచేయి దాకా ముద్రలే. ఎలాగోలా దీపం పచ్చగానే పడుతోందని, నెల చివరికి వచ్చిందని నాతో చెప్పింది. ఆమె మొహంలో నవ్వు నేను చూసింది అప్పుడే.

నెల చివరి రోజున మా లైను మీద ఘోరం జరిగింది. బండి టైముకు వచ్చింది.

డ్రైవరు వేరే ఊరి నుంచి బదిలీ మీద వచ్చినవాడట. మన పద్ధతులు తెలియవు. దూరాన ఇంజను దీపం కనిపించగానే ప్లాట్‌ఫారం మీద జనం లేచి నిలబడ్డారు. కోదండపాణి గారు గోడ గడియారం చూశారు, చేతి గడియారం చూశారు, మీసం మీది చెయ్యి తీసేశారు. ఈ బండి ఇలాగే స్టేషన్లోకి వస్తే ఎవరికీ ఏ అసౌకర్యమూ లేదు. అసౌకర్యం లేకపోతే చింత లేదు. చింత లేకపోతే విభాగం ఎందుకని తారకేశ్వర్ రేపే రాస్తాడు. ఆయన ఫోనందుకుని సిగ్నల్ వాళ్లకు చెప్పారు. బండి ఊరి బయటి సిగ్నల్ దగ్గర ఆగిపోయింది.

మేం నిలబడ్డ చోటికి బండి కనబడుతూనే ఉంది. కిటికీల్లో మనుషులు కూడా కనబడుతున్నారు. ఆండాళు కోదండపాణి గారి బల్ల దగ్గరికి వెళ్లింది.

"సారూ, బండి గా కనవడుతున్నది. రానియ్యుండ్రి సారూ. ఇయ్యాల ఒక్కరోజు."

"అమ్మా, నా ఇబ్బంది నువ్వు అర్థం చేసుకోవాలి" అన్నారు కోదండపాణి గారు, నిజంగానే మృదువుగా. "ఆలస్యం కానిదే నేను చింతించలేను. చింతించనిదే నిన్ను ఎక్కించలేను. ఒక్క పావుగంట ఓపిక పట్టు, నీకు శాస్త్రోక్తంగా చింతిస్తాను."

"నాకేం వద్దు సారూ. నీ చింత నాకొద్దు. నా ఏలు ఎర్రగయితది."

"చింత వద్దనడం నేరం తల్లీ."

ఆమె పట్టాల మీదికి దిగబోతే పోలీసు పట్టుకుని వెనక్కి లాగాడు. ఆ పావుగంట కాస్తా గంట దాటింది. బండి సిగ్నల్ దగ్గర నుంచి కదిలేసరికి ఆమెకు లఘు, మధ్యమ, ప్రగాఢ చింతలు మూడూ అందాయి. ఆసుపత్రికి వెళ్లింది. వేలు పెట్టింది. ఎర్ర దీపం పడింది. పర్మనెంటు సంగతి దేవుడెరుగు, ఆ నెలతో అసలు రానక్కర్లేదన్నారు. అదే టికెట్ మీద తిరుగు బండిలో వచ్చి, గుర్రాల దొడ్డి అరుగు మీద కూర్చుని ఏడ్చింది. సంచిలో చిక్కుడుకాయలు అలాగే ఉన్నాయి. ఆ దృశ్యం చూడలేక నేను దుకాణానికి సెలవు పెట్టి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.

సరిగ్గా అదే రోజు సాయంత్రం తారకేశ్వర్ తనిఖీకి వచ్చాడు. వెంట ఉపేంద్రనాథ్ గారు, కోదండపాణి గారు. తారకేశ్వర్ రెండో అభ్యంతరం అప్పటికే రాసి తెచ్చుకున్నాడు. చింతాధికారులు తలలు వంచుతున్న మాట వాస్తవమే కాని, వంచిన తలల్లో చింత ఉన్నట్టు ఎక్కడా రుజువు లేదనీ, ఒక అధికారి చేతులు కట్టుకుని చింతిస్తూ ఆవలించడం తాను చూశాననీ అందులో ఉంది. ఉపేంద్రనాథ్ గారి మొహం వాడిపోయింది. అప్పుడు ఆయన కళ్లజోడు సరిచేసుకుని అరుగు వైపు చూశారు.

"ఆవిడ ఎవరు?"

ఎవరో నేను చెప్పాను. ఎందుకు ఏడుస్తోందో కూడా చెప్పబోయాను.

"కారణం అప్రస్తుతం. ఆడిటరుగారూ, దయచేసి ఇటు గమనించండి. అది నిజమైన చింతేనా?"

తారకేశ్వర్ దగ్గరికి వెళ్లి, వంగి, చాలాసేపు చూశాడు. "అభ్యంతరం లేదు" అన్నాడు.

అక్కడికక్కడే ఆండాళుకు చింత విభాగంలో ఉద్యోగం ఇచ్చారు. ఆమె కళ్లు తుడుచుకుని అడిగిన మొదటి మాట, "పర్మనెంటేనా సారూ?"

"ప్రస్తుతానికి తాత్కాలికం. శాశ్వత ప్రాతిపదిక అన్నది సముచిత సమయంలో సానుభూతితో పరిశీలింపబడుతుంది" అన్నారు ఉపేంద్రనాథ్ గారు. పదేళ్లుగా ఆసుపత్రిలో విన్న మాటలే కనుక ఆమెకు అర్థమయ్యాయి. ఇంట్లో మోకాలు నొప్పి మనిషి ఉన్నాడు. సరేనంది.

ఆమెకు గుర్రాల దొడ్డి ప్లాట్‌ఫారం మీద ఒక కుర్చీ వేశారు. మిగతా బల్లల దగ్గర ఎవరూ లేరు, ఆండాళు ముందే వరస. అందరికీ నిజమైన చింతే కావాలి మరి. కాని ఆమెకు తల ఎంత వంచాలో, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియదు. ఎదురుగా ఎవరొచ్చినా, "యాడికి పోవాలె బిడ్డా? ఎన్నింటికి పోవాలె?" అని అడిగేది. ఇంటర్వ్యూకి పోవాలని ఒకడు, తల్లిని ఆసుపత్రిలో చేర్చాలని ఒకడు, పరీక్ష ఉందని ఒక పిల్ల. ఆమె సిగ్నల్ వైపు ఒకసారి చూసి, "ఇది ఇప్పుడొచ్చేటట్టు లేదు బిడ్డా. నా లెక్క గాకు. గేటు బయట బస్సుంటది, ఉరుకు" అనేది.

ఉరికేవాళ్లు. అలా ఏడాది గడిచేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. బస్సులు కిటకిటలాడాయి. ఎక్కేవాళ్లు లేక, ముద్రలు వేయించుకునేవాళ్లు లేక, బండి ఆగవలసిన అవసరం లేకపోయింది. ఖాళీ పెట్టెలతో ఎర్రబండ నుంచి పాతగంజ్‌కు ఠంచనుగా టైముకు పరుగెత్తడం మొదలుపెట్టింది. ఆడవాళ్ల పెట్టెలో ఒక్క గోంగూర ఆకు లేదు. ఉపేంద్రనాథ్ గారికి మంచి నిర్వహణకు పతకం ఇచ్చారు. ప్రయాణికుల బెడద తగ్గితే రైలు ఎంత చక్కగా నడుస్తుందో దేశానికి చాటారని అందులో ఉంది. నేను కూడా బస్సులోనే పోయి ఆ సభలో చప్పట్లు కొట్టి వచ్చాను.

కోదండపాణి గారు మాత్రం ఒప్పుకోలేదు. విభాగంలో అందరికీ జీతాలున్నాయి, చింతించడానికి మనుషులు లేరు. దీనంతటికీ కారణం ఆండాళేనని ఆయన సంజాయిషీ అడిగారు. అభియోగం నేను చదివాను. "ప్రయాణికుల పట్ల చింతించవలసిన ఉద్యోగిని, అందుకు భిన్నంగా వారికి సహాయపడుచున్నది. చింతలో సమాచారము ఉండరాదు. సమాచారము గల చింత, చింత అనిపించుకొనదు." తొలగింపు ఖాయమైంది.

తొలగింపు రోజున అందరూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. ఆండాళు కుర్చీలోంచి లేచి, చీర కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. సలహా సంఘం తరఫున నేనూ ఉన్నాను. ఉపేంద్రనాథ్ గారు ఉత్తర్వు తీశారు. తారకేశ్వర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈమెను తొలగించడం ఈమెకు అసౌకర్యం అవునా కాదా?"

అవునని ఒప్పుకోక తప్పలేదు.

"అయితే తగిన హోదా గల అధికారి చింతించాలి. లేకపోతే చెల్లదు. నిబంధన కింద మీ సంతకమే ఉంది."

"దానికేం భాగ్యం. కోదండపాణి గారూ, చింతించండి" అన్నారు ఉపేంద్రనాథ్ గారు.

కోదండపాణి గారు ముందుకొచ్చారు, మీసం సవరించుకున్నారు, ఆగారు. ఉద్యోగాలు ఊడదీయడానికి నిబంధనల్లో ఏ చింతా లేదు. అన్నీ ఆలస్యాన్ని బట్టే ఉన్నాయి. ఆయన మర్యాదగానే అడిగారు. "అమ్మా, నీకు మొత్తం ఎంత ఆలస్యమైనట్టు?"

ఆండాళుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నా వైపు చూసింది. నీకు రావలసింది ఎంత ఆలస్యమైందని అడుగుతున్నారని నేను విడమర్చి చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది.

"నాకు రావాల్సింది పర్మనెంటొక్కటే గద సారూ. దవాఖానల పెట్టుకున్ననాడే జేస్తమన్నరు. పదేండ్లాయె. గిక్కడ ఇంకో ఏడాయె. గింతె."

కోదండపాణి గారు వెనక్కి తగ్గి ఉపేంద్రనాథ్ గారి వైపు చూశారు. రెండు గంటలు దాటిన ఆలస్యానికి లైను మేనేజరు చింతించాలి. పదకొండేళ్ల ఆలస్యానికి చింతించే హోదా మా లైనులో కాదు కదా, దేశంలో ఎవరికుందో ఎవరికీ తెలియదు. ఆసుపత్రి ఆలస్యం మన ఖాతాలోకి రాదని కోదండపాణి గారు వాదించబోయారు. ఆ ఎర్ర దీపం ఎవరి సిగ్నల్ వల్ల వెలిగిందని, ఆనాటి సిగ్నల్ రిజిస్టరు చూసొచ్చిన తారకేశ్వర్ అడిగాడు.

"అలాంటి అధికారి దొరికేదాకా ఈమెను కదల్చడానికి లేదు" అన్నాడు తారకేశ్వర్.

ఆండాళుకు ఇంత మాత్రం అర్థమైంది. ఉపేంద్రనాథ్ గారి ముందుకొచ్చి నిలబడింది.

"అయితే నేను పర్మనెంటేనా సారూ?"

"పర్మనెంటు కాదమ్మా" అన్నారు ఉపేంద్రనాథ్ గారు, ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుంటూ. ఆయన కళ్లజోడు తీసి నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. ఫ్రేము వదులైన సంగతి నేను గమనించాను. "నిన్ను తొలగించడంలో జాప్యం జరుగుతోంది. అంతే. అందుకు చింతిస్తున్నాము."

తారకేశ్వర్ ఆయన మొహంలోకి వంగి చూశాడు. ఆండాళు మొహంలోకి చూసినంతసేపూ చూశాడు. ఎర్రబండ లైను చింతించినట్టు ఎట్టకేలకు ఒక ఆధారం దొరికిందని చెప్పి, మొదటి అభ్యంతరం ఉపసంహరించుకున్నాడు.

ఆమె మళ్లీ కుర్చీలో కూర్చుంది. పరీక్ష పిల్ల ఒకతె గేటు దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వస్తోంది. ఆండాళు చెయ్యి ఊపింది.

"ఇటు రాకు బిడ్డా. బస్సు దిక్కు ఉరుకు."